క్లాసు ఖాళీ, టీచర్

ఆ బడిలో ఆవిణ్ణి అందరూ చుక్కల టీచరమ్మ అనేవాళ్ళు. అసలు పేరేమిటని అడిగితే ఆఫీసు గుమాస్తా కూడా ఒక్క క్షణం బుర్ర గోక్కోవాల్సిందే. మూడో తరగతి ఆవిడది. ఏళ్ళ తరబడి అదే తరగతి, కింది అంతస్తులో వరండా చివర అదే గది. ఒక పక్క పొడుగాటి కిటికీలు, వెనక గోడకి తలుపు సరిగా పడని ఇనప బీరువా, ముందు బల్ల మీద సుద్దముక్కల డబ్బా, డస్టరు. గది బయట, తలుపు పక్కన గోడకి పచ్చగుడ్డ అతికించిన చెక్క పలక ఒకటి. చుక్కలు ఉండేది ఆ పలక మీదే.

ఆ చుక్కల సంగతి చెప్పాలి. క్లాసులో ఎవరి మీద ఎవరూ చాడీ చెప్పకుండా, ఏడవకుండా, కొట్టుకోకుండా ఒక రోజు గడిచిందనుకోండి, ఆ సాయంత్రం పలక మీద బంగారు రంగు కాగితం చుక్క ఒకటి వెలిసేది. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, చుక్క లేదు. ఒక్క పిల్లకో పిల్లాడికో కాదు, క్లాసు మొత్తానికి లేదు. చుక్కలు ఆవిడే ఇంట్లో కూర్చుని కత్తిరించేది, మైదా ఉడికించి జిగురు ఆవిడే చేసుకునేది. ఇదంతా ఎవరూ చెయ్యమన్నది కాదు, ఆవిడ బుర్రలో పుట్టిన ముచ్చట. పిల్లలకి లెక్కలు ఎవరైనా నేర్పుతారు, నడవడి నేర్పేదే టీచరు అని ఆవిడ నమ్మకం. నమ్మకం మంచిదే. ఎవరు కాదన్నారు?

అసలు ఆవిడ పెరిగిందే అలా. చిన్నప్పుడు వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది, "మా పిల్ల ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదండీ, అంత నెమ్మది" అని. ఆ మాట వినబడినప్పుడల్లా ఈ పిల్ల తలుపు చాటున నిలబడి మురిసిపోయేది. పెళ్ళయ్యి అత్తారింటికి వెళ్ళాక అక్కడా అదే పేరు, నోట్లో నాలుక లేని కోడలని. అత్తగారికి కోపం వస్తే తిట్టేది కాదు. ఇంట్లో అసలు కోడలనేదే లేనట్టు నడుచుకునేది. ఎదురుగా నిలబడ్డా చూపు ఆవిడ మీదుగా గోడ మీదికి పోయేది. ఉన్నవాళ్ళందరికీ కంచాలు పెట్టి, కోడలి కంచం మాత్రం పెట్టేది కాదు. కోడలు కిమ్మనలేదు. ఎప్పటికో ఆ పెద్దావిడే దిగివచ్చి, "ఏమ్మా, తిన్నావా?" అని అడిగింది. చూశారా, ఓర్పుతో గెలిచాను అనుకుంది మన టీచరమ్మ. అత్తగారు పోయి చాలాకాలమైనా ఆ గెలుపు గురించి ఇప్పటికీ చెప్పుకునేది. అదేం గెలుపో నాకైతే ఎప్పటికీ అర్థం కాలేదు గానీ, ఆవిడకి మాత్రం అదే పాఠం. నోరు మూసుకున్నవాళ్ళు మంచివాళ్ళు, అంతే.

అలాంటి క్లాసులోకి ఏడాది మధ్యలో వచ్చి పడింది వసపిట్ట.

ఆ పేరు పెట్టింది కూడా టీచరమ్మే, ముద్దుగానే పెట్టింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, బదిలీ మీద కొత్తగా ఆ ఊరు వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరే. ఆ పిల్లకి నోరు మూతపడేది కాదు. పొద్దున గదిలో అడుగు పెట్టడం ఆలస్యం, "టీచర్ టీచర్, వీడు నా పెన్సిలు కొరికాడు. టీచర్ టీచర్, ఆ అమ్మాయి నా జడ ఏమీ బాలేదంది. టీచర్ టీచర్, నా సంచి ఎవరో తన్నారు" అంటూ మొదలెట్టేది. చెవి దగ్గర జోరీగే అనుకోండి. పెన్సిలు నిజంగానే కొరికి ఉండేది, సంచి మీద కాలి ముద్ర నిజంగానే ఉండేది. కానీ ఆవిడ ఆ ముద్ర వంక చూసేది కాదు, పలక మీద ఖాళీ వంక చూసేది. వసపిట్ట వచ్చినప్పటినుంచి ఒక్క చుక్కా పడలేదు మరి. ఆవిణ్ణి చూసి పెట్టుకున్న పక్క క్లాసుల పలకలు నిండుతున్నాయి. చుక్కలు కనిపెట్టిన టీచరు పలకే బోసిపోయి ఉంటే ఎలా ఉంటుంది?

ఒకరోజు ఓపిక చచ్చి, పిల్లని ముందుకి పిలిచి భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా అంది. "చూడమ్మా, నీ ఒక్కదాని మూలంగా అందరి చుక్కా పోతోంది. వీళ్ళందరి మొహాలూ చూడు ఎలా చిన్నబోయాయో."

వసపిట్ట తిరిగి చూసింది. అందరూ దాన్నే చూస్తున్నారు.

తర్వాత టీచరమ్మ క్లాసు లీడరు వైపు తిరిగింది. ఆ పిల్లని ఆవిడ మంత్రిగారు అని పిలిచేది. తలకి నూనె రాసి పాపిడి తీసి, ఎప్పుడూ నలగని గౌను వేసుకుని, పెద్దవాళ్ళలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచే పిల్ల. "మంత్రిగారూ, ఇకనుంచి ఇవన్నీ మీలో మీరే సర్దుకోండమ్మా. నా దాకా తేకండి."

"అలాగే టీచర్" అంది మంత్రిగారు. ఆ ఒక్క మాటతో అయిపోయింది.

మర్నాటినుంచి ఫిర్యాదులు ఆగిపోయాయి. ఏదో మందు వేసినట్టు ఠక్కున ఆగిపోయాయి. టీచరమ్మ ఆశ్చర్యపోయింది, సంబరపడింది, ఆ సాయంత్రం చుక్క అంటించేటప్పుడు కూనిరాగం కూడా తీసింది. ఆ తర్వాతి రోజూ చుక్క, ఆ తర్వాతా చుక్క. పలక నిండుతుంటే హెడ్మాస్టరు వరండాలో ఆగి చూసి, "ఏం మంత్రం వేశారండీ బాబూ! రాక్షస మూకని మునుల్ని చేసేశారు" అన్నాడు. త్వరలో ఇతర బళ్ళ టీచర్లు కొందరు చూడ్డానికి వస్తున్నారనీ, వాళ్ళ ముందు ఆవిడే మాట్లాడాలనీ కూడా చెప్పాడు.

ఆ గదిలో ఏదో తేడాగా ఉందని ఆవిడకి తోచకపోలేదు. తోచింది. మూడో తరగతి అంటే ఎలా ఉండాలి? బల్లలు కిర్రుమనాలి, ఎవడో ఒకడు కిందపడాలి, ఎవరో కిసుక్కుమనాలి. ఈ గదిలో సుద్దముక్క బోర్డు మీద గీసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వెనక్కి తిరిగి రాస్తున్నప్పుడు గదిలో పిల్లలున్నారా అనిపించి ఆవిడ ఒకటి రెండుసార్లు చటుక్కున తిరిగి చూసింది. ఉన్నారు. అందరూ చేతులు కట్టుకుని, ఒకేలా నవ్వుతూ ఆవిణ్ణే చూస్తున్నారు. ఛ, మంచిగా ఉన్నారని భయపడేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను అనుకుని మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

కాగితాలు పంచమంటే ఒకరి చేతినుంచి ఒకరి చేతికి సాగిపోయేవి. మూడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక చెయ్యి వసపిట్ట తల మీదుగా చాచుకుని అవతలి పిల్లకి అందించేది. దాటేటప్పుడు చెయ్యి తడబడేది కూడా కాదు. చివరికి ఒక కాగితం మిగిలిపోయేది. "మిగిలింది టీచర్" అని తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. ఆవిడ దాన్ని సొరుగులో వేసుకునేది. మిగిలిందెందుకో ఆలోచించేది కాదు. వరసలో నిలబడమంటే ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడేవాళ్ళు. ఆ ఖాళీలో వసపిట్ట నిలబడి ఉండేది. అప్పుడది ఖాళీ ఎలా అవుతుందండీ అంటారా? చూస్తే మీకూ ఖాళీలాగే ఉండేది. నా మాట నమ్మండి.

వర్షం పడుతున్న ఒకనాడు బయట ఆడుకోవడానికి లేక గదిలోనే కుర్చీలాట పెట్టింది టీచరమ్మ. బల్లలు పక్కకి జరిపి, కుర్చీలు గుండ్రంగా వేయించి, డస్టరుతో బల్ల మీద తాళం వేస్తూ నిలబడింది. తాళం ఆగింది. పిల్లలు ఎగబడ్డారు. వసపిట్టకి కుర్చీ దొరికింది, కూర్చుంది. కుర్చీ దొరకని పిల్లాడొకడు, బొద్దుగా బూరెబుగ్గలతో ఉంటాడు, చుట్టూ చూసి నింపాదిగా వచ్చి వసపిట్ట కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు. దాని ఒళ్ళోనే. తోసిందీ లేదు, లెమ్మన్నదీ లేదు. ఖాళీ కుర్చీలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, గెలిచానని చేతులు పైకెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడి వీపు వెనకనుంచి రెండు కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఒరేయ్ బూరెబుగ్గా, చూసి కూర్చోరా!" అంది టీచరమ్మ.

"చూసే కూర్చున్నాను టీచర్. ఖాళీయే కదా!" అన్నాడు వాడు. వాడి మొహంలో వెటకారం లేదు. అదే భయం వేసే సంగతి.

టీచరమ్మ నవ్వేసింది. పిల్లల ఆట అనుకుంది. వసపిట్ట కూడా ఫిర్యాదు చెయ్యలేదు కదా. ఆ సాయంత్రం కూడా చుక్క పడింది.

ఇంకో ఉదయం హాజరు పిలుస్తోంది. వసపిట్ట పేరు వచ్చింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. "లేదు టీచర్" అన్నారు పిల్లలందరూ కూడబలుక్కున్నట్టు ఒక్క గొంతుతో. ఆవిడ తలెత్తకుండానే రాలేదని వేసేసింది. వేశాక ఎందుకో తలెత్తి చూసింది. మూడో బల్ల, కిటికీ వైపు. ఎండ పడుతోంది. అక్కడ బల్ల ఉంది, దాని మీద ఎండ ఉంది. ఇంకెవరూ ఉన్నట్టు లేదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పిల్ల ఉంది. నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమే, ఉన్నావు కదా? పలకవేం?"

వసపిట్ట ముందు ఎడమపక్క చూసింది, తర్వాత కుడిపక్క చూసింది. ఆవిడ పిలుస్తున్నది ఇంకెవర్నో అనుకుంటున్నట్టు. అప్పుడు చాలా చిన్నగా తలాడించింది. నోట్లోంచి మాట రాలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర టీచరమ్మ భర్తతో అంది. "ఏమండీ, ఎదురుగా ఉన్న మనిషి కనపడకపోవడం ఉంటుందా?"

"ఎందుకుండదోయ్? నా కళ్ళజోడు నా నెత్తి మీదే ఉంటే ఇల్లంతా వెతకలేదూ?" అని పెద్దగా నవ్వాడాయన. ఆవిడ నవ్వలేకపోయింది. మాట మార్చింది. రేపటికి చుక్కలు కత్తిరించాలి కదా అని లేచిపోయింది.

బళ్ళో సాయంత్రం ఒక పద్ధతి ఉండేది. గంట కొట్టాక పిల్లలు వరసగా బయటికి వెళ్ళేవాళ్ళు. మంత్రిగారు గుమ్మం పక్కన నిలబడి గది మొత్తం ఒకసారి చూసి, "క్లాసు ఖాళీ, టీచర్" అని చెప్పాలి. అప్పుడు టీచరమ్మ తలుపు దగ్గరికి లాగి తాళం వేసి, పలక మీద చుక్క అంటించి, తాళంచెవి ఆఫీసులో కొక్కేనికి తగిలించి ఇంటికి పోవాలి. ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్న పని. చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది.

ఇతర బళ్ళ టీచర్లు మర్నాడు వస్తారనగా ఆ సాయంత్రం కూడా అలాగే జరిగింది. "క్లాసు ఖాళీ, టీచర్" అంది మంత్రిగారు. రేపు ఏం మాట్లాడాలా అని లోపల్లోపల వాక్యాలు కూర్చుకుంటూ ఆవిడ గదిలోకి ఒక చూపు చూసింది. బల్లలు, బీరువా, కిటికీలు. తలుపు లాగింది. తాళం వేసింది. చుక్క వెనక జిగురు రాసి పలక మీద అద్ది, గట్టిగా అంటుకోవాలని వేలి కణుపులతో టక్ టక్ మని కొట్టింది.

గోడ అవతలనుంచి టక్ మని ఒక్క చప్పుడు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కాసేపు ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. బల్లి అయ్యుంటుంది, లేకపోతే కిటికీ రెక్క. వరండా పొడుగునా వెనక్కి చూడకుండా నడిచింది. తాళంచెవి కొక్కేనికి తగిలించడం కూడా మర్చిపోయి చేతిసంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి ఇంటి తలుపు దబదబా బాదారు. తీస్తే నర్సమ్మ. డ్యూటీ బట్టల మీదే ఉంది, చెప్పులు కూడా తారుమారుగా వేసుకుని వచ్చింది.

"టీచర్ గారూ, మా పాప బళ్ళోంచి ఇంటికి రాలేదండీ. నేను డ్యూటీనుంచి వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. వీధంతా అడిగాను. ఎవరూ చూడలేదంటున్నారు. అసలు ఇవాళ బడికొచ్చిందా అండీ?"

చుక్కల టీచరమ్మ నోరు తెరిచింది. వచ్చిందా? పొద్దున హాజరు పిలిచింది. పేరు పిలిచింది. మూడో బల్ల గుర్తొస్తోంది, ఎండ గుర్తొస్తోంది. పిల్ల గుర్తుకు రావడం లేదు. కన్నతల్లి ఎదురుగా నిలబడి అడుగుతుంటే, రోజంతా ఆ పిల్లతో ఒకే గదిలో ఉన్న మనిషికి అది వచ్చిందో లేదో తెలియలేదు!

"వచ్చే ఉంటుందమ్మా... రండి, లీడర్ని అడుగుదాం. పక్క వీధే" అంది.

మంత్రిగారి ఇల్లు అద్దంలా ఉంది. వాళ్ళమ్మ "టీచర్ గారా! రండి రండి. మా అమ్మాయి ఎప్పుడూ మీ మాటే" అంటూ కుర్చీలు వేసింది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడింది.

"మంత్రిగారూ, వసపిట్ట ఇవాళ మీతో ఇంటికి రాలేదామ్మా? ఎక్కడికి వెళ్ళింది?"

"ఎవరు టీచర్?"

"వసపిట్టే. కిటికీ పక్కన కూర్చుంటుందే. నర్సమ్మగారి అమ్మాయి."

మంత్రిగారు నర్సమ్మ మొహంలోకి చూసింది. మళ్ళీ టీచరమ్మ మొహంలోకి చూసి, మర్యాదగా నవ్వి చెప్పింది. "మా క్లాసులో అలాంటి అమ్మాయి ఎవరూ లేరు టీచర్."

నర్సమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఆ నవ్వు ఆవిడ ఎరుగును. ఎదురుగా నిలబడిన మనిషి మీదుగా గోడ మీదికి పోయే ఆ చూపు ఆవిడ ఎరుగును. కంచం పెట్టని రోజుల్లో అత్తగారి కళ్ళు సరిగ్గా ఇలాగే ఉండేవి. అప్పుడు ఎలా ఉండేదో, రాత్రిపూట తన చేతిని తానే గిల్లుకుని ఉన్నానా లేనా అని చూసుకోవడం, అన్నీ ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. గెలిచాను అని ఊరంతా చెప్పుకుంది గానీ, ఆ గిల్లుకున్న సంగతి ఎవరికైనా చెప్పిందా? లేదే.

గోడ అవతల టక్ మన్న చప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ చేతిసంచీ తడిమింది. తాళంచెవి చేతికి తగిలింది. "అయ్యో! అయ్యయ్యో! నా చేతులు పడిపోను!" అని అరిచి పరుగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంత గట్టిగా అరవడం అదే మొదలు. వెనకాల నర్సమ్మ, ఆ వెనకాల ఏం జరిగిందో తెలియక మంత్రిగారి తల్లి. వాచ్‌మన్ గేటు తీసి లాంతరు వెతుకుతుంటే ఆగకుండా, చీకట్లో వరండా తడుముకుంటూ పోయి తలుపు మీద పడింది. తొందరలో తాళంచెవి రంధ్రంలోకి పోదు. పక్కన పలక మీద చుక్కలు మాత్రం ఆ కాస్త వెలుతురుకే మినుకు మినుకుమంటున్నాయి. ఎంత చక్కగా అంటించుకుందో మహాతల్లి!

తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి వీధి దీపం వెలుగు మూడో బల్ల మీద పడుతోంది. అక్కడ కూర్చుని ఉంది వసపిట్ట. చేతులు కట్టుకుని, నిటారుగా, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఏడ్చిన జాడ లేదు. తలుపు చప్పుడుకి తల కూడా తిప్పలేదు.

నర్సమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి కావలించుకుంది. పిల్ల కొయ్యబొమ్మలా ఉండిపోయింది.

"అరవలేదేంటే? అంత సేపూ ఎందుకరవలేదు బంగారం?" తల్లి ఏడుస్తూ ఊపేస్తోంది.

వసపిట్ట చాలాసేపటికి మాట్లాడింది. మాట్లాడి ఎన్నాళ్ళయిందో, గొంతు గరగరలాడింది. "టీచర్ చుక్క అంటిస్తున్నారు కదమ్మా. నేను అరిస్తే మళ్ళీ పీకెయ్యాలి. అందరూ చిన్నబోతారు."

టీచరమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"ఇవాళ వరసలో నాకు చోటు వదల్లేదు, అందుకని ఇక్కడే ఉండిపోయాను. ఒక్కసారి మాత్రం గోడ తట్టాను టీచర్. తప్పే. మీరు ఆగారు. తర్వాత వెళ్ళిపోయారు." పిల్ల కళ్ళు మెల్లగా ఆవిడ వైపు తిరిగాయి. "తలుపు వేసేటప్పుడు మీరు నన్ను చూశారు. ఇటే చూశారు. చూసి వేశారు. పిల్లలందరూ ఆడుతున్నారని నాకు తెలుసు. మీరు పెద్దవాళ్ళు కదా, మీరు ఆడరు కదా. అందుకని నేను నిజంగానే లేనేమో అనుకున్నాను."

లాంతరు పట్టుకొచ్చిన వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు. చుక్కల టీచరమ్మ నేల మీద పాక్కుంటూ వెళ్ళి ఆ పిల్ల పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ఉన్నాయి. అంతవరకే ఆవిడకి తెలిసింది.

మర్నాడు చూడవచ్చిన టీచర్లకి బోసి పలక కనిపించింది. రాత్రే పీకేసింది చుక్కలన్నీ, గోళ్ళు విరిగేలా. హెడ్మాస్టరు లబోదిబోమన్నాడు. "ఏంటమ్మా ఈ పిచ్చి పని? నలుగురిలో నా పరువేం కాను?" అన్నాడు.

"పరువు సంగతి తర్వాత సార్. నిన్న సాయంత్రం ఒక పిల్లని గదిలో పెట్టి తాళం వేశాను. ముందు అది చెప్పనివ్వండి" అంది ఆవిడ. అందరి ముందూ దాచకుండా చెప్పింది. విన్నవాళ్ళలో కొందరు పెదవులు చప్పరించారు, కొందరు వాళ్ళ బళ్ళోనూ పలకలు పెట్టుకున్నారు కాబోలు, మెల్లగా చూపులు దించుకున్నారు.

పిల్లలకీ చెప్పింది. తిట్టలేదు. "తప్పు మీ దగ్గర మొదలవ్వలేదర్రా. నా దగ్గర మొదలైంది. దెబ్బ తగిలినవాళ్ళు చెప్తే నేను దెబ్బ చూడలేదు, చెప్పినందుకు కోప్పడ్డాను. ఇకనుంచి ఎవరికి ఏం కష్టమొచ్చినా నా దగ్గరికి రండి. ఎన్నిసార్లయినా రండి. దాని వల్ల ఎవరికీ ఏమీ పోదు."

అప్పుడు మంత్రిగారు లేచి నిలబడింది. వెనక్కి కట్టుకున్న చేతులు ఊడి పక్కన వేలాడుతున్నాయి. "టీచర్, అయితే ఇప్పుడు నన్ను లేకుండా చేస్తారా?" అని అడిగి భోరుమంది. అంతవరకు ఎంత పెద్దదానిలా కనిపించిందో, అప్పుడు అంత పసిదానిలా ఉంది. టీచరమ్మ వెళ్ళి దాన్ని పొదివి పట్టుకుంది. "ఎవర్నీ లేకుండా చెయ్యం. ఎవర్నీ చెయ్యం తల్లీ" అంటూ దానితో పాటు తనూ ఏడ్చింది.

తర్వాత అంతా చక్కబడిందని చెప్తే మీరు సంతోషిస్తారని తెలుసు. చెప్పను. క్లాసులో గోల తిరిగొచ్చింది, నిజమే. చాడీలు వరదలా వచ్చిపడ్డాయి. "వీడు నా వైపు చూసి గుడ్లురిమాడు" దగ్గరనుంచి "నా నీడ తొక్కింది" దాకా ఆవిడ విన్నది. ప్రతిదీ విన్నది, ముద్రలున్నచోట ముద్రలు చూసింది, తన్నినవాణ్ణీ తన్నించుకున్నవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది. ఇంటికెళ్ళేసరికి తల దిమ్మెక్కిపోయేది. పక్క క్లాసుల టీచర్లు మొహం మీదే నవ్వారు. సాయంత్రాలు గది ఖాళీ అయిందో లేదో ఎవర్నీ అడగలేదు. తనే లోపలికి వెళ్ళి బల్ల బల్లా చేత్తో తడిమి చూసి వచ్చేది.

వసపిట్ట మాత్రం మాట్లాడేది కాదు. పిల్లలు పిలిచేవాళ్ళు, పక్కన కూర్చునేవాళ్ళు. మంత్రిగారు రోజూ తన జామెట్రీ పెట్టె తెచ్చి దాని ముందు పెట్టేది. పిలిచిన ప్రతిసారీ ఆ పిల్ల అటూ ఇటూ చూసేది, ఇంకెవరో ఉన్నారేమోనని. హాజరు పిలిచేటప్పుడు టీచరమ్మ దాని పేరు దగ్గర ఆగి, మూడో బల్ల దాకా నడిచి వెళ్ళి, దాని కళ్ళలోకి చూస్తూ పిలిచేది. జవాబు వచ్చేదాకా నిలబడేది. జవాబు రాదు. తల ఊగేది, అంతే. చివరికి పిల్ల తల మీద చెయ్యి వేసి వెనక్కి వచ్చేది. ఈ పిల్లని నేను మింగేశాను, ఇంక తిరిగి రాదు అని ఆవిడకి లోపల్లోపల బెంగ పట్టుకుంది. అన్నం సయించేది కాదు. భర్త జోకులు వెయ్యడం మానేశాడు.

మళ్ళీ వాన పడిన రోజు. పిల్లలు కుర్చీలాట కావాలని గొడవ చేశారు. వద్దంది. ఎంత బతిమాలినా ససేమిరా వద్దంది. వాళ్ళు గునుస్తూ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. ఆవిడ బోర్డు వైపు తిరిగి తారీఖు రాస్తోంది. వెనక కాస్త కలకలం, అంతలోనే అదీ సద్దుమణిగింది. మునుపటి నిశ్శబ్దం లాంటిది. ఆవిడ వేళ్ళ మధ్య సుద్దముక్క విరిగింది.

"టీచర్ టీచర్."

గరగరలాడే గొంతు. ఆవిడ తిరగడానికి భయపడింది. మెల్లగా తిరిగింది.

వసపిట్ట లేచి నిలబడి ఉంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. మొహమంతా ఎర్రగా కందిపోయింది. ఒక చెయ్యెత్తి బూరెబుగ్గ వైపు చూపించింది. వాడు బిక్కచచ్చి చూస్తున్నాడు.

"టీచర్, ఆ రోజు కుర్చీలాటలో వీడు నా మీద కూర్చున్నాడు. ఖాళీ అన్నాడు. నేను ఉన్నాను. నేను అందులోనే కూర్చుని ఉన్నాను టీచర్. ఊపిరాడలేదు."

బూరెబుగ్గ ఏడుపు మొహం పెట్టాడు. మంత్రిగారు తల వంచుకుంది. అందరి కళ్ళూ టీచరమ్మ మీద ఉన్నాయి. ఇప్పుడు ఏమంటుందో, ఈసారి ఏది పోతుందో అని చూస్తున్నాయి.

చుక్కల టీచరమ్మ నడిచి వెళ్ళి ఆ బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల కళ్ళకి తన కళ్ళు సరిగ్గా ఎదురుగా వచ్చేలా కూర్చుంది.

"ఉన్నావమ్మా" అంది. "నువ్వు అక్కడే ఉన్నావు. నేను చూశాను. చూసి నవ్వాను."

వసపిట్ట ఆవిడ వంక చూసింది. అప్పుడు ఏడ్చింది. ఆ రాత్రి చీకటి గదిలో ఏడవాల్సిందంతా, గోడ మీద కొట్టాల్సిన దెబ్బలన్నీ పిడికిళ్ళతో ఆవిడ భుజాల మీద కొడుతూ, బడంతా వినపడేలా ఏడ్చింది. పక్క క్లాసు టీచరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగింది. చుక్కల టీచరమ్మ కదలకుండా కూర్చుని ఆ దెబ్బలన్నీ తిన్నది.